పన్నీటి అణకువ

పన్నీటిని సీసా మూత తీసి వాసన చూడటం దానికి అన్యాయం చేయడమే. అరచేతిలో ఒంపుకుని, చెంపలకు అద్దుకుని, ఆగాలి. ముందు చల్లదనం. ఆ తరవాత పచ్చి ఆకు తాలూకు లేత వగరు. అది సర్దుకున్నాక తేనె ఛాయ ఉన్న తీపి. గులాబి వచ్చేది ఆఖరున, అదీ చప్పుడు లేకుండా. అత్తరు మనిషి కంటే ముందే గదిలోకి వస్తుంది. పన్నీరు మనం దగ్గరికి వెళ్తేనే పలుకుతుంది.

ఈ తేడా బట్టీలోనే పుడుతుంది. గంగకు దగ్గరలోని కన్నౌజ్‌లో ఇప్పటికీ దేగ్ అనే రాగి బానలో రేకులూ నీళ్లూ పోసి, మూతి చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. తాడు చుట్టిన వెదురు గొట్టం గుండా ఆవిరి భప్కాలోకి దిగుతుంది. ఆ రాగి కుండ మెడదాకా చల్లటి నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది. మంట ఎంత ఉండాలో పనివాడి చెయ్యే చెబుతుంది. కిలో గులాబి నూనెకు మూడు నాలుగు వేల కిలోల పూలు కావాలి. ఆ నూనె ధర వేరే లోకం. గులాబి పరిమళంలో భాగమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ మాత్రం నీటిని వదలదు. పన్నీటిలోని ఆ మెత్తదనం చాలావరకు దాని చలవే.

చర్మానికి చేసే మేలూ అంత మెత్తనిదే. మంచి పన్నీరు చర్మంలాగే కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. ఎండన పడి వచ్చిన ముఖానికి హాయినిస్తుంది. మొటిమలు మాన్పుతుందనీ, రంగు తెస్తుందనీ అనేవాళ్ల మాట నేను నమ్మను. ఆరిపోయేది నీరే కాబట్టి, తడి ఉండగానే పైన క్రీమ్ రాసుకోవాలి.

పువ్వు నుంచి వచ్చింది కదా అని నిర్భయంగా ఉండటానికీ లేదు. పరిమళమిచ్చే జెరానియోల్, సిట్రొనెల్లోల్ కొందరికి పడవు. మోచేతి మడతలో రాసి ఒకరోజు చూడటం మేలు. నిల్వమందు కలపని సీసాలో సూక్ష్మజీవులు తేలిగ్గా పెరుగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి, మసకబారితే పారబోయాలి. ఇళ్లలో చుక్కలుగా కళ్లలో వేసుకునే అలవాటు మాత్రం మానాలి, అది కంటిమందులా శుద్ధి చేసినది కాదు. కొనేటప్పుడు పదార్థాల జాబితా చదవండి: నీరు, పెర్‌ఫ్యూమ్, రంగు అని ఉంటే అందులో బట్టీ ఎక్కిన గులాబి లేనట్టే. అలాంటిది చెంపకు అద్దితే ఒకే వాసన, మొదటినుంచి చివరిదాకా ఒకే గొంతుతో అరుస్తుంది.