లేసరు కంటి చికిత్సలలో ఏది మేలు?

కళ్ళజోడు మాన్పించు లేసరు చికిత్సలను చాలామంది చూపు వచ్చు వేగమునుబట్టి తూచుచున్నారు. ఈ కొలత నాకు సరిగా తోచదు. కంటి ముందుండు పారదర్శక పటలము, అనగా కార్నియా, మధ్యభాగమున సుమారు అర మిల్లీమీటరు మందమే. మూడు పద్ధతులును దానినే పలుచన చేయును. లాసిక్‌లో పైపొరను మూతవలె లేపి, అడుగున చెక్కి, తిరిగి కప్పుదురు. మరునాటికే చూపు తేటపడును, నిజమే. కాని ఆ మూత మునుపటి గట్టిదనముతో అతుకదు. బలమైన దెబ్బ తగిలినచో ఏండ్ల తరువాతనైనను జరుగవచ్చును. స్మైల్‌లో చిన్న గంటు గుండా పలుచని బిళ్ళవంటి ముక్కను లాగుదురు. మూత బెడద లేదు. వీనికంటె పాతదైన పి.ఆర్‌.కె.లో మూత లేపక పైచర్మమును తొలగించి, అడుగున చెక్కుదురు. ఆ పైచర్మము మరల పెరుగువరకు కొన్ని దినములు మంట, మసక. అయినను కబడ్డీ ఆడు యువకునకు నేనీ పాతదానినే మెచ్చుదును. నలువది దాటిన పిమ్మట వచ్చు చత్వారమును వీనిలో ఏదియు ఆపలేదు.