మౌనము వెనుక లెక్క: కెల్లీ బ్రౌన్ డగ్లస్ గ్రంథముపై ఒక విమర్శ

మన వేదాంత కళాశాలలలో జేమ్స్ కోన్ పేరు వినని విద్యార్థి అరుదు. నల్లవారి వేదాంతము దళిత వేదాంతమునకు ఇచ్చిన ఊతము అందరమూ ఒప్పుకొనేదే. అయితే ఆ వేదాంతము తన ఇంటిలోనికి తానే దీపము పట్టి చూచుకొన్న గ్రంథములను మనము అంత శ్రద్ధగా చదువలేదు. అట్టివాటిలో ఒకటి కెల్లీ బ్రౌన్ డగ్లస్ 1999లో ప్రచురించిన 'సెక్సువాలిటీ అండ్ ది బ్లాక్ చర్చ్'. అప్పుడామె వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయపు వేదాంత కళాశాలలో బోధకురాలు. ఎపిస్కోపల్ సంఘములో అభిషేకము పొందిన గురువు కూడ.

ఆమె వాదము క్లుప్తముగా ఇది. బానిసత్వ కాలము నుండి తెల్లవారి సంస్కృతి నల్లవారి దేహమును గూర్చి అబద్ధములు అల్లినది. నల్లని స్త్రీ కామాతురురాలు, నల్లని పురుషుడు మృగము. స్త్రీని చెరచుటకు, పురుషుని చెట్టుకు వ్రేలాడదీయుటకు ఆ అబద్ధములే సాకులైనవి. ఆ నిందకు జడిసి నల్లవారి సంఘము లైంగికతను గూర్చి నోరు మూసుకొన్నది. దేహమును తక్కువచేసి ఆత్మను ఎక్కువచేసిన గ్రీకు తలంపు పాశ్చాత్య క్రైస్తవ్యము ద్వారా వచ్చి ఆ మౌనమునకు భక్తి రంగు పులిమినది. ఎయిడ్స్ వ్యాధి తమ బిడ్డలను కబళించుచున్నప్పుడు సైతము సంఘము మాట్లాడలేకపోయినది. వాక్యము శరీరధారియైనదని ఒప్పుకొను సంఘము దేహమును చూచి సిగ్గుపడుట ఎట్లు పొసగునని డగ్లస్ అడుగుచున్నారు. గ్రంథములో మాకు బలముగా తోచిన చోటు ఇదే.

లేఖన పఠనము విషయములో కూడ మేము ఆమెతో ఏకీభవిస్తున్నాము. ఇక్కడ హోవర్డ్ థర్మన్ 1949 నాటి తన గ్రంథములో చెప్పిన సంగతి జ్ఞాపకము చేయదగినది. బానిసగా పుట్టిన ఆయన అమ్మమ్మకు చదువు రాదు. మనుమని చేత బైబిలు చదివించుకొనేది. పౌలు పత్రికలు మాత్రము చదువనిచ్చేది కాదు. యజమాని తరపున వచ్చిన బోధకుడు, దాసులు విధేయులై యుండవలెనను మాటనే పదే పదే ప్రసంగించుట ఆమె విన్నది. విడుదల వస్తే ఆ భాగము ఇక చదువనని నిశ్చయించుకొన్నది. ఎఫెసీ 6:5ను అట్లు నిలదీసిన జనము లేవీయకాండము 18:22 దగ్గరకు వచ్చేసరికి అక్షరార్థమును గట్టిగా పట్టుకొనుట ఎందుకు? ఈ ప్రశ్నను దాటవేయుట కాపరులమైన మనకు సులభము కాదు.

మా అభ్యంతరము మౌనమునకు ఆమె చెప్పిన కారణము దగ్గర. గాయపడినవారు మూగబోయినారనుట సత్యమే గాని, అది పూర్తి సత్యము కాదు. 1960లో జరిగినది చూడుడి. బేయార్డ్ రస్టిన్ క్వేకరు భక్తురాలైన అమ్మమ్మ పెంపకములో పెరిగినవాడు. 1948లో భారతదేశమునకు వచ్చి గాంధీ అనుచరుల వద్ద అహింసా పద్ధతిని అధ్యయనము చేసినవాడు. 1956లో మాంట్‌గోమరీకి వెళ్లి మార్టిన్ లూథర్ కింగ్‌కు ఆ పద్ధతిలో తోడు నిలిచినవాడు. ఆయన స్వలింగ ప్రేమికుడు. 1953లో ఆ కారణముననే కాలిఫోర్నియాలో అరెస్టయి జైలుకు వెళ్లినాడు. 1960లో కింగ్, ఆయన మిత్రులు డెమొక్రాటిక్ పార్టీ మహాసభ యెదుట నిరసన తలపెట్టగా, అది మానకపోతే కింగ్‌కు రస్టిన్‌తో సంబంధమున్నదని పుకారు పుట్టిస్తానని ఆడమ్ క్లేటన్ పావెల్ బెదిరించినాడు. పావెల్ కాంగ్రెసు సభ్యుడే కాదు, హార్లెమ్‌లోని అబిసీనియన్ బాప్టిస్టు సంఘపు కాపరి! రస్టిన్ రాజీనామా చేసినాడు. కింగ్ దానిని అంగీకరించినాడు.

ఇది మౌనమా? కాదు. ఎప్పుడు మాట్లాడవలెనో, ఎవరి మీద మాట్లాడవలెనో బాగుగా ఎరిగిన లెక్క ఇది. జనము కొరకు ఒక మనుష్యుడు పోవుట మేలని కయప వేసిన లెక్కకు (యోహాను 11:50) ఇది దూరము కాదు. పాస్టరు ఇంట పెరిగి పదునాలుగేండ్లకే ప్రసంగించిన జేమ్స్ బాల్డ్విన్, 1961లో హార్పర్స్ పత్రికలో, ఈ ఉదంతము వలన యువకుల దృష్టిలో కింగ్ నైతిక గౌరవము తగ్గినదని వ్రాసినాడు. అధికారమును గూర్చి ఫూకోను చదివి వ్రాసిన డగ్లస్, సంఘములోపలి అధికారమును ఇంకను గట్టిగా పట్టుకొనవలసినది.

ఇంకొక సాక్ష్యము కూడ ఉన్నది. 1963 వాషింగ్టన్ యాత్రకు రస్టిన్ నాయకుడు కారాదని రాయ్ విల్కిన్స్ పట్టుబట్టగా, ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ తానే ఆ పదవి తీసుకొని రస్టిన్‌ను తన ఉపనాయకునిగా పెట్టుకొన్నాడు. రెండు నెలలు నిండకముందే పని సిద్ధమైనది. ఆగస్టులో సెనేటరు స్ట్రామ్ థర్మండ్ సభలో నిలిచి 1953 నాటి అరెస్టును బయటపెట్టినాడు. ఈసారి నాయకులు వెనుకకు తగ్గలేదు; రాండాల్ఫ్ రస్టిన్ పక్షమున బహిరంగముగా నిలిచినాడు. ఆగస్టు 28న దాదాపు రెండున్నర లక్షల మంది కూడినారు. అదే నింద, అదే మనిషి, మూడేండ్ల తేడా. మారినది ప్రక్కన నిలిచినవారి నిర్ణయమే. అనగా మౌనము తప్పించుకొనలేని వారసత్వము కాదు.

ఈ రెండు పోరాటములు ఒకటేనా అని విద్యార్థులు అడుగుదురు. ఒకటి కాదు. వేలంపాట, తెల్లవారి అల్లరిమూకల ఉరులు నల్లజాతి చరిత్రకు చెందినవి. దానిని అరువు ఉపమానముగా వాడుకొనుట తెల్లని స్వలింగ ప్రేమికులకు తగదు. కాని రస్టిన్ వంటివారి దేహములో ఈ రెండును విడిపోవు. 1986లో ఆయన న్యూయార్క్ నగరపు స్వలింగ ప్రేమికుల హక్కుల చట్టము కొరకు మాట్లాడినప్పుడు క్రొత్త పని ఏమియు చేయలేదు. కింగ్ కుటుంబములోనే ఈ వివాదము తీరలేదు. కొరెట్టా స్కాట్ కింగ్ బహిరంగముగా ఆ సమానతను సమర్థించినారు. ఆమె కుమార్తె బెర్నిస్ 2004 డిసెంబరులో అట్లాంటాలో స్వలింగ వివాహమునకు వ్యతిరేకమైన యాత్రలో నడచినారు. ఆ యాత్ర కింగ్ సమాధి యొద్ద మొదలైనది.

మన పల్లెలలో బాప్తిస్మము పొందిన పితరులు కూడ ఊరి యెదుట మర్యాదను నిరూపించుకొనవలసి వచ్చినది. దళిత స్త్రీ దేహముపై ఊరు వేసిన నింద, జోగిని వ్యవస్థ, డగ్లస్ వర్ణించిన అబద్ధములకు దూరపు చుట్టములు కావు. అందుచేత ఈ గ్రంథమును పరదేశపు సమస్యగా చదువుట కుదరదు. అయితే కాపరి ఆదివారము ఉదయము తన యెదుట కూర్చున్న యువకునితో ఏమి మాట్లాడవలెనో ఇది చెప్పినది మాకు చాలలేదు. తరగతిలో దీనిని బోధించువారు 1960, 1963 సంఘటనలను ప్రక్కన పెట్టుకొని బోధించవలెనని మా సూచన. థర్మన్ అమ్మమ్మను కూడ మరువరాదు. పౌలు వ్రాసినదానిలో ఒక్క అధ్యాయము మాత్రము ఆమె ఎప్పుడో ఒకసారి చదివించుకొనేది: 1 కొరింథీ 13.