నేతగాని దేహము: మన వాఙ్మయము చూచినది, చూడనిది

షోలాపురమున గాని, బరంపురమున గాని, సేలమున గాని ఏ వీధిలో తెలుగుమాట వినబడునో ఆ వీధిలో మగ్గపు చప్పుడు కూడ వినబడుట ఒకప్పుడు సర్వసాధారణము. పద్మశాలీలును దేవాంగులును స్వస్థలము విడిచి పోవునప్పుడు వెంట గొనిపోయినది చేతిలోని పని యొక్కటియే. ఆ పనిని నమ్ముకొని వారు పరాయి రాజ్యములలో ఇండ్లు కట్టుకొనిరి, దేవళములు నిలిపిరి, పిల్లలకు చదువులు చెప్పించిరి. షోలాపురమున శ్రావణ పూర్ణిమనాడు సాగు మార్కండేయ రథోత్సవమును చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంత చేసిన చేతులను గూర్చి మన వాఙ్మయము ఏమి చెప్పినది? ఈ ప్రశ్న నాకు పుస్తకములనుండి పుట్టలేదు. మా పెదనాన్నగారు నల్లగొండ ప్రాంతమునుండి షోలాపురము చేరి నలువది యేండ్లకు పైగా నేతపని చేసిరి. మొదట గుంటమగ్గము, పిదప మరమగ్గము. మొదటిది వారి మోకాళ్లను తీసికొన్నది; రెండవది చెవులను తీసికొన్నది. ఆ మోకాళ్లను గూర్చి, ఆ చెవులను గూర్చి వ్రాసిన తెలుగు పద్య మొక్కటియైన దొరకునా యని చాల కాలము వెదకితిని. బట్టను పొగడిన వ్రాతలు దొరికినవి. నేతగాని ఆకలికి కన్నీరు కార్చిన వ్రాతలును దొరికినవి. ఆ రెంటి నడుమ కూర్చుండి పనిచేయు మనిషి దేహము మాత్రము బహు అరుదుగ దొరకినది.

ముందుగ ఆ పనిని గూర్చి కొంత మనవి చేయవలసి యున్నది. ఏలయన నేడు మన సంఘములలోనే మగ్గము ఎఱుగని యువకులు పెక్కుమంది కలరు. గుంటమగ్గమున నేయువాడు నేలమట్టమున కూర్చుండి కాళ్లను గుంటలోనికి దించి తొక్కుడుచెక్కలను మార్చి మార్చి తొక్కును. వానకాలమున ఆ గుంట చెమ్మగిల్లును; తడిసిన నేలలో పూటపూటంతయు కాళ్లుండును. నడుము ముందునకు వంగియే యుండవలెను. కన్ను పడుగుమీద నుండవలెను. పోగు తెగినచో వెంటనే పసిగట్టి అతుకవలెను. నాడెను త్రాటితో లాగు పద్ధతిని 1733లో ఇంగ్లండున జాన్ కే అనునతడు కనిపెట్టెను. అది మన మగ్గములకు వచ్చిన పిదప బట్ట వెడల్పు చేతి చాపునకు లోబడి యుండుట మానినది, పని వేగము హెచ్చినది. భారమెల్ల త్రాడు లాగు భుజముమీదికి వచ్చినది. మగ్గమునకు వెలుపలి పనియు తక్కువది కాదు. తెల్లవాఱకముందే వీధిలో పడుగు సాచి గంజిపెట్టి కుంచెతో దువ్వుట, కండెలు చుట్టుట, అచ్చు అతుకుట: వీనిలో అధికభాగము ఆడువారిది, ముసలివారిది, పిల్లలది. ఒక్కని పేర చెల్లు కూలిలో ఇంటిల్లిపాది నడుములు కలసియున్నవి.

అయినను ఈ పనిలో సుఖము లేదనువాడు దానిని ఎఱుగనివాడు. మా పెదనాన్నగారు నూలును వ్రేళ్లనడుమ రాచి దాని సన్నదనమును చెప్పెడివారు. ప్రక్క యింటి మగ్గము చప్పుడులో తేడా విని "పోగు తెగింది, చూసుకోరా" అని గోడ ఈవలనుండియే కేకవేసెడివారు. నేసి దింపిన బట్టను విప్పి ఎండలో పట్టి చూచుకొనునప్పుడు వారి ముఖమున కనబడిన తృప్తి కూలిడబ్బులు లెక్కించునప్పుడు నేనెన్నడును చూడలేదు. ఈ సుఖమును, ఆ నొప్పిని ఒక్క మనిషియందే కలిపి చూపగల రచన నేను వెదకినది.

ప్రాచీనములలో మొదట చూడవలసినవి కులపురాణములు. భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రము నేసెనని పద్మశాలీల కథ. తెలంగాణమున కూనపులివారు చిత్రించిన పటమును విప్పుచు ఈ గాథను గానము చేసెదరు. దేవాంగుల కథ ఇంకను తీవ్రమైనది. దేవలుడు పోగులు కొనివచ్చు దారిలో రాక్షసులు అడ్డగింపగా చౌడేశ్వరి వారిని వధించెననియు, వారి నెత్తుటి వన్నెలే నూలునకు రంగులైనవనియు చెప్పుదురు. ఈ కథలకు చేసిన మేలు గొప్పది: పనికి గౌరవము నిచ్చినవి, నేతగానిని దేవతలకు బట్టయిచ్చిన వానిగ నిలబెట్టినవి. కాని ఒకటి గమనింపదగినది. బట్టలోనికి నెత్తురు చేరినదని పురాణమును ఒప్పుకొన్నది. ఆ నెత్తురు మాత్రము రాక్షసునిది! నేసినవాని నెత్తురని చెప్పుటకు పురాణమునకు నోరు రాలేదు.

పదుమూడవ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చేతిపనులవారిని కథానాయకులుగ చేసెను. కుమ్మర గుండయ్యయు, నేతపనివాడైన దేడర దాసయ్యయు అందు కలరు. ఆ కాలమున ఇది సాహసమే. దాసయ్య నేసిన వస్త్రమును జంగమరూపమున వచ్చిన శివుడు అడిగికొని చీలికలు చేయగా, దాసయ్య నొచ్చుకొనక ఊరకుండెను. అందుకు ఫలముగ తఱుగని ధాన్యనిధి లభించెను. భక్తికథగ ఇది నిండైనది. నేతవారి యింటివాడు చదివినచో మాత్రము ఒకచోట ఆగును. వస్త్రము చినుగునప్పుడు దాసయ్య మనస్సు నొచ్చలేదని కవి చెప్పుట సరియే; దానిని నేయుటకు ఎన్ని దినములు వంగి కూర్చుండెనో ఆ దినములు కవికి అవసరము కాలేదు. ప్రతిఫలము ఆకాశమునుండి వచ్చినది గనుక కూలి లెక్క పుట్టనే లేదు. మొల్లను మనము కుమ్మర మొల్ల యని పిలుచుకొందుము గాని ఆమె కావ్యవస్తువు రామకథయే, సారె కాదు. ఆమెను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. ఆనాడు చేతిపని కావ్యవస్తువగునని ఎవ్వరును తలపలేదు.

ఆధునికులలో శ్రీశ్రీ ఆ అడ్డుగోడను దాటెను. 1950లో గ్రంథముగ వెలువడిన మహాప్రస్థానమునందలి "ప్రతిజ్ఞ" వృత్తుల పనిముట్లను పేరుపేరున పిలిచి, వానికై పాడుదునని చెప్పిన గీతము. చెమటకు వెల కట్టగల వాడు లేడను భావమును అందు కలదు. ఆ గీతమును చిన్ననాడు కంఠస్థము చేసినవారిలో నేనొకడను. నేటికిని వినినచో రోమాంచమగును. కాని ఆ భావము దగ్గఱ నాకొక చిక్కు కలదు. వెల కట్టువాడు లేకపోలేదు. మా వీధి ఆసామి వారమువారము కట్టుచునే యుండెను, మచ్చ పడినదని తగ్గించుచు నుండెను. కవి కూలిని మహత్తుగ మార్చుటలో లెక్కపుస్తకము మఱుగుపడినది. పనిముట్టు గీతములోనికి వచ్చినది. దానిని పట్టిన భుజము గుమ్మమువద్దనే ఆగినది. ప్రసంగవశమున ఒక మాట: చేసిన పనికి ఒప్పుకొన్న వెల ఈయకపోవుటలోని గాయమును జాషువా 1932 నాటి "ఫిరదౌసి"లో ఎంత సూటిగ చెప్పెనో అందఱెఱుగుదురు. అందలి పనివాడు కవి. తన వృత్తికి తగిలిన దెబ్బను కవులు చక్కగనే గుర్తింపగలరు.

ఇక బట్టను పొగడు అలవాటును గూర్చి. అగ్గిపెట్టెలో ఇమిడిన చీర కథను సభలలో ఎన్నిమార్లు వినలేదు! అది నేసినవాని కన్నులు పిదప ఎట్లున్నవని అడిగిన వక్తను నేను చూడలేదు. షోలాపురపు చద్దరునకు, బరంపురపు పట్టునకు, కంచి పట్టునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ చట్టము బట్ట పేరును కాపాడును, మంచిదే. 2019–20 నాటి నాల్గవ అఖిలభారత చేనేత గణనలో నేతయందును, అనుబంధపు పనులయందును ఉన్నవారు 35.22 లక్షలని తేలినది. నేత కుటుంబములలో సుమారు మూడింట రెండు వంతులవారి రాబడి నెలకు 5,000 రూపాయలకు లోపుగనే యుండెను. పేరునకు దొరకిన రక్షణ ఆ పేరు తెచ్చిన ఇంటికి ఎంత దూరమున నున్నదో ఈ అంకెయే చెప్పును.

పద్యమున దొరకనిది నాకు చలనచిత్రమున కొంత దొరకినది. రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ప్రియదర్శన్ తమిళమున తీసిన "కాంచీవరం" చిత్రమునకు 2007వ సంవత్సరపు ఉత్తమ చిత్రముగ జాతీయ పురస్కారము లభించెను; అందు నటించిన ప్రకాశ్ రాజ్ ఉత్తమ నటుడయ్యెను. కూతురి పెండ్లికి పట్టుచీర నేయవలెనని తండ్రి యజమాని యింటి పట్టుపోగును నోట దాచుకొని వచ్చును. జీవితమంతయు పట్టు నేసినవానికి పట్టు కొను శక్తి లేదను సత్యమును ఇంతకంటె గట్టిగ చెప్పిన చిత్రమును నేనెఱుగను. ఇచట దేహము తెరమీదికి వచ్చినది. కాని దొంగిలించుచున్న దేహముగ వచ్చినది. ఆ నోరు మఱపునకు రాదు. నేయుచున్న నడుము మాత్రము అందమైన వెలుగునీడలలో కలసిపోయినది.

రెండవది 2019లో రాజ్ రాచకొండ తీసిన "మల్లేశం". పోచంపల్లి తరహా చీరకు ముందుగ ఆసు పోయవలెను: అర్ధచంద్రాకారముగ నాటిన మేకులచుట్టు పోగును చేతితో త్రిప్పుచుండవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మార్లు ఇటునటు ఆడును. తల్లి లక్ష్మిగారి భుజపు నొప్పిని చూడలేక చింతకింది మల్లేశంగారు ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సాధించి, దానికి ఆమె పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. చిత్రమున ప్రణయఘట్టములు మామూలు సినిమా దారినే నడచినవి. చివఱి భాగమున గెలుపు సంబరము కొంత హెచ్చినది. అయినను ఈ చిత్రము చేసిన పని మన కవిత్వము చేయలేదు. భుజమును కథకు కారణముగ నిలిపినది. నొప్పిని విధిగ గాక, తఱచి చూచి తొలగింపదగిన వస్తువుగ చూచినది. తల్లి పాత్రధారిణి ఝాన్సీ భుజమును తడవుకొను రీతి నేతయిండ్లలో పెరిగినవారికి పరిచితమైనదే.

ఈ చూపు ఇంకను పోవలసిన చోట్లు కలవు. షోలాపురమున తెలుగు ఆడువారు వేలమంది బీడీలు చుట్టి బ్రతికినవారు, నేటికిని బ్రతుకుచున్నవారు. వేయింటికింత యని కూలి. ఒడిలో చేట, వంచిన మెడ, వ్రేళ్లకు అంటిన పొగాకుధూళి. ఆకు కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, కొన మడచు ఆ నేర్పునకు మన సాహిత్యమున ఉన్న చోటు ఎంతయని వెదకుట నాకు ఇంకను మిగిలిన పని. మరమగ్గపు శాలలో దూదిధూళికి పట్టు దగ్గును, ఎదుటివానితో అఱచియే మాటలాడవలసిన హోరును కూడ అట్టివే. మన సంఘములు కులపురాణములను అచ్చువేయుచున్నవి. పనివారి నోటినుండి వారి పనిని, నొప్పిని వారి మాటలలోనే వ్రాసికొనుట కూడ అదే చేతితో చేయదగును. ఆ మాటలు ఇంకొక తరము నిలుచునవి కావు.

"మల్లేశం" చిత్రమును మా పెద్దమ్మగారికి మొన్న ఇంటిలో చూపితిని. పెండ్లికి ముందు పుట్టినింట ఆమెయు ఆసు పోసినవారే. కన్నీరు పెట్టుకొందురని తలచితిని. ఆమె కొంతసేపు తెరవైపు చూచి, కుడిచేయిని గాలిలో రెండు మార్లు చఱచఱ త్రిప్పి, "అంత మెల్లగ తిప్పితే పొద్దుగూకినా చీరె కాదు బిడ్డా, ఇంకా జర బిర్రుగ తిప్పాలె" అనిరి.