చివరి ముడికి చోటు

పెన్సిల్వేనియాలో చలికాలం వచ్చిందంటే సాయంత్రం ఐదింటికే చీకటి. రెండు నెలలుగా ఆ వేళప్పుడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ట్రౌట్ చేపలకు ఈకల ఎరలు కట్టడం నేర్చుకుంటున్నాను. ఇక్కడ వీటిని ఫ్లై అంటారు. కొక్కేనికి ఈకలు, ఉన్ని చుట్టి, నీటి పురుగనో చిన్న చేపనో చేపకు భ్రమ కలిగించే ఎర ఇది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు తరచుగా చెప్పే ఎర వూలీ బగ్గర్. ఈ రాష్ట్రంలోనే లాంకాస్టర్‌కు చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ 1967లో దీన్ని రూపొందించారు. సరుకు కొంచెమే. తోకకు మారబూ అనే మెత్తని టర్కీకోడి ఈక, ఒంటికి షెనీల్ అనే నూగుతాడు, పైన చుట్టడానికి కోడిపుంజు ఈక, సన్నదారం. కొక్కేన్ని చిన్న వైస్‌లో బిగించి, దారం చుట్టుకుంటూ వెనక్కి పోయి, కొక్కెం కాడంత పొడవున తోక కట్టాలి. అక్కడే ఈక కొసనూ షెనీల్‌నూ కట్టి, ముందు షెనీల్, దాని మీద ఎడంఎడంగా ఈక చుట్టుకుంటూ ముందుకు రావాలి. నీళ్లలో లాగితే ఆ తోక ప్రాణమున్నట్టే ఆడుతుంది.

మొదటి వారమంతా దారం తెగింది. వదులు చేస్తే ఈక కాడ చుట్టూ తిరిగిపోయింది. మల్లెలు కడుతూ మా అమ్మమ్మ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. గట్టిగా లాగితే పువ్వు తెగుతుంది, వదులైతే జారిపోతుంది. ఆ రెంటి మధ్య బిగువు కంటికి ఆనదు, వేళ్లకే తెలియాలి. ఎన్నోసార్లు తెగాకే నా వేళ్లకు తెలిసింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. నిండుగా ఉండాలని కొక్కెం కన్ను దాకా చుట్టేశాను. ముడికి చోటు లేక దారం కన్నును మూసేసింది. అలాంటి ఎరకు గాలపు తాడు ఎక్కదు. ఇప్పుడు మొదటి చుట్టుకు ముందే కన్ను వెనక కాస్త చోటు వదులుతున్నాను. చివరి ముడిని మొదట్లోనే తలుచుకోవాలని నేర్పింది ఈ పనే.

ఈ పని చాలా పాతది. సుమారు 1800 ఏళ్ల కిందటే రోమన్ రచయిత ఈలియన్, మాసిడోనియా జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి రెండు పుంజు ఈకలు కట్టేవారని రాశాడు. పందెం పుంజుల్లో మనకు కాకి, డేగ, సేతువ ఉన్నట్టే, ఎరలు కట్టేవాళ్లకూ ఈక రంగును బట్టి జింజర్, గ్రిజ్లీ, బ్యాడ్జర్ అని పేర్లున్నాయి. పాతకాలపు సాల్మన్ ఎరల బుగ్గల మీద మెరిసే చుక్కల ఈకైతే మన దక్షిణాది అడవికోడిదే. ఆ ఈకల కోసం ఒకప్పుడు ఆ పక్షుల్ని చంపారు. ఇప్పుడు మన దేశంలో ఆ వేట నిషేధం. బ్రిటన్‌లో పెంచిన అదే జాతి కోళ్ల ఈకలు దొరుకుతున్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మనవి. ఒకే ఎరను పన్నెండుసార్లు కట్టండి, ఆ తర్వాతే రెండోదాని జోలికి వెళ్లండి. ఈక ఎక్కడిదో అడిగి కొనండి. కొక్కేన్ని వైస్‌లో పెట్టకముందే దాని ముల్లును పట్టకారుతో నొక్కేయండి. పట్టిన చేపను పెద్ద గాయం కాకుండా తిరిగి నీళ్లలో వదలగలుగుతారు.