ఆకరాన్ని అనుమానించడం: సిర్పుర్కర్ కమిషన్ నివేదికపై ఒక విమర్శ

పరిచయం

నేర న్యాయ పత్రికకు పరిశోధన పత్రం పంపదలచిన విద్యార్థి ముందుగా అలవరచుకోవలసింది ఆకరాలను పరీక్షించే గుణం. ఒక ఉదాహరణ చూద్దాం. మా బాటసింగారం సమీపం నుంచి సాగే అవుటర్ రింగు రోడ్డు మీదనే, నగరానికి మరో అంచున, తొండుపల్లి టోల్ ప్లాజా ఉంది. 2019 నవంబరు 27 రాత్రి అక్కడ ఒక యువ పశువైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు జనం పోలీసులపై పూలు చల్లారు. డిసెంబరు 12న సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది. నివేదిక 2022 మే 20న వెలుగులోకి వచ్చింది.

నివేదిక బలం

నిందితులు ఆయుధాలు లాక్కొని కాల్చారన్న పోలీసుల కథనాన్ని కమిషన్ నమ్మలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, మృతుల్లో ముగ్గురు మైనర్లని తేల్చింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. అధికారిక కథనాన్ని కూడా సాక్ష్యంగానే చూసి, మిగతా సాక్ష్యాలతో సరిపోల్చడం ఇందులోని పద్ధతి. పరిశోధకుడు అనుసరించదగినది ఇదే.

పరిమితులు

కమిషన్ నిర్ధారణ తీర్పు కాదు. దాని ఆధారంగా ఆ పదిమందిని 'హంతకులు' అని రాస్తే, విచారణ లేకుండానే ఆ నలుగురిని దోషులన్న జనం తప్పునే మనమూ చేసినట్లు. రెండవది, ఒక ఘటనపై వచ్చిన నివేదికతో ఎన్‌కౌంటర్లన్నిటిపై సూత్రీకరణ చేయరాదు. మూడవది, కమిషన్ పరిధి ఆ నలుగురి మరణాలు. ఆ రాత్రి కుటుంబం ఫిర్యాదు నమోదులో జరిగిన జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. జీరో ఎఫ్‌ఐఆర్ అమలు ఎలా ఉందన్న ప్రశ్నకు జవాబు వెతకవలసింది వేరే ఆకరాల్లో. మంచి పత్రం అక్కడ మొదలు కావచ్చు.

పత్రం పంపే ముందు

బాధితురాలి పేరు రాయకండి. మరణించిన బాధితుల గుర్తింపును కూడా వెల్లడించరాదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 'దిశ' అన్న పేరు అందుకే వచ్చింది. మైనర్లుగా తేలినవారి పేర్ల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం. పేరు తెలియని సమీక్షకులు చదివే పత్రికలకు పంపేటప్పుడు, మీ పేరు ప్రతిలో ఎక్కడా కనిపించరాదు. ఒకే పత్రాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. నివేదికను ఉదహరించిన ప్రతిచోటా పేరా సంఖ్య ఇవ్వండి. తిరస్కరణ వస్తే సమీక్షకుడి ప్రశ్నలను మళ్ళీ చదవండి. అవి తరచు 'ఇది మీకెలా తెలుసు?' అన్న ఒక్క ప్రశ్నకే రూపాలు.

సారాంశం

పూలు చల్లిన జనం ఆ ప్రశ్న వేయలేదు, కమిషన్ వేసింది. కమిషన్ నివేదికను సైతం అదే ప్రశ్న అడగడం పరిశోధకుడి పని.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. విచారణ కమిషన్ నిర్ధారణకూ న్యాయస్థానం తీర్పుకూ గల భేదమేమిటి?
2. ఒక్క ఘటన ఆధారంగా సాధారణ సూత్రం చేయడంలో దోషమేమిటి?