విభక్తుల పాఠము: లాటినులోను, మన యింటిలోను

గుమాస్తాగా నున్నన్నాళ్లు నేను కాగితములపై ‘పెర్ ఆనుమ్’ అని వ్రాయుచుంటిని. అది లాటినని యెఱుగుదును గాని, అందొక విభక్తి దాగియున్నదని యెఱుగను. పింఛను పుచ్చుకొన్న పిదప లాటిను వ్యాకరణము చేతబట్టితిని. సంవత్సరమునకు ఆ భాషలో ‘ఆనుస్’ అని పేరు. ‘పెర్’ అను మాట తరువాత అది ద్వితీయయై ‘ఆనుమ్’ అగును. ‘సంవత్సరమందు’ అనవలసినచో ‘ఆనో’ అగును.

లాటినులో ముఖ్యముగా ఆరు విభక్తులు. నామములకు అయిదు తరగతులు. ‘అగ్రికోలా ఫీలియే రోసమ్ దత్’ అను వాక్యమును ఇంగ్లీషున కనువదించువాడు మాటల వరుస మార్చుకొనక తప్పదు. మనకు ఆ చిక్కు లేదు: ‘రైతు కూతురికి గులాబిని ఇచ్చుచున్నాడు.’ వరుస సైతము చెదరలేదు.

అయినను లాటిను మూసలో తెలుగును పోయుట వేరు సంగతి. 1873లో వెలువడిన ఆర్డెన్ దొర తెలుగు వ్యాకరణము నామములను మూడు తరగతులు చేసినది. ‘తమ్ముడు’ వంటివి మొదటిది, ‘గుఱ్ఱము’ వంటివి రెండవది, తక్కినవన్నియు మూడవది. పాఠము మెట్టు మెట్టుగా నడచుట ఆ గ్రంథమునకు గుణము. మూడవ తరగతి మాత్రము చోటు దొరకని సామానునెల్ల పడవేసిన కొట్టుగది వలె నున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) సంస్కృతము ననుసరించి ఏడు విభక్తులు చెప్పినను, ‘ఇల్లు’ ‘ఇంటి’ యగుటను ఔపవిభక్తికమను పేర గుర్తించి కీలకమును పట్టినది. లాటినులోను రాజు ‘రెక్స్’, రాజుయొక్క ‘రేగిస్’. ఈ రెండవ రూపము తెలియనిదే మాట తెలిసినట్లు కాదు. కనుకనే నిఘంటువులు రెంటిని ప్రక్కప్రక్కన నిచ్చును.

ఇక మన వరోరా మాట. మా మనుమడు బడిలో మరాఠీ చదువుచున్నాడు. ‘ఘోడా’ అనునది ‘ఘోడ్యాలా’ యగునని తడుముకొనక చెప్పును. ఇంట ‘ఇల్లుకి వచ్చాను’ అనును. మేము నవ్వితిమి. నాలుగుమార్లు నవ్వుసరికి వాడు మాతో తెలుగు మాటాడుటయే మానెను. తప్పు వానిది కాదు. మరాఠీలో వాడెఱిగిన సూత్రమే తెలుగులోను గలదని చెప్పినవారు లేరు.

పట్టికలు వల్లె వేయించినచో భాష రాదు. ఇల్లు–ఇంటి, కన్ను–కంటి, ఏరు–ఏటి అని జంటలుగా వినిపించి, వాక్యములలో వాడించవలెను. మేమట్లే చేయుచున్నాము. వాడిప్పుడు మరల తెలుగు మాటాడుచున్నాడు, తప్పులును చేయుచున్నాడు. మేము నవ్వుట మాత్రము మానితిమి.