పద్యబోధన – అంతర్జాల వనరులు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

డిగ్రీ, పీజీ స్థాయి తెలుగు తరగతుల్లో అంతర్జాల నిఘంటువులు, ఛందస్సు సాఫ్ట్‌వేర్లు, స్కాన్ చేసిన గ్రంథాల వాడకం సాధారణమైంది. ఈ వనరులు పద్యపఠనానికి ఎంతవరకు తోడ్పడుతున్నాయి, ఎక్కడ పఠనానికే ప్రత్యామ్నాయాలుగా మారుతున్నాయి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరికరం వల్ల కలిగే మేలు అది ఇచ్చే సమాధానం మీద కన్నా తరగతిలో అది ప్రవేశించే క్రమం మీద ఎక్కువగా ఆధారపడుతుందన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: పద్యబోధన, అంతర్జాల నిఘంటువు, గురులఘువులు, అరసున్న, శకటరేఫం, పాఠపరిష్కరణ, వికీసోర్స్.

1. ప్రవేశిక

2017లో స్వయం, దీక్ష వేదికలు వచ్చాయి. 2020 మార్చిలో కరోనా కారణంగా విద్యాసంస్థలు మూతపడటంతో, అప్పటిదాకా ఐచ్ఛికంగా ఉన్న అంతర్జాల బోధన అనివార్యమైంది. ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదువుకునే వీలును విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021 నిబంధనలు కల్పించాయి. ఈ పరిణామాలపై జరిగిన చర్చ ఎక్కువగా సౌకర్యాల చుట్టూ తిరిగింది. ఎన్ని గదుల్లో తెరలున్నాయి, ఎందరి చేతుల్లో ఫోన్లున్నాయి అన్న లెక్కలు ముఖ్యమైనవే. కానీ ఒక పద్యాన్ని చదివి అర్థం చేసుకునే శక్తి విద్యార్థిలో పెరిగిందా లేదా అన్నది ఆ లెక్కల్లో కనబడదు. తెలుగు శాఖలకు సంబంధించి అసలు ప్రశ్న అదే.

2. అందుబాటు తెచ్చిన మేలు

ఈ వనరుల మేలును తక్కువ చేసి చూపడం న్యాయం కాదు. ఒక పాత ముద్రణ కోసం పరిశోధకులు రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికో, చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికో, తంజావూరు సరస్వతీ మహల్‌కో వెళ్లవలసిన రోజులుండేవి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరడంతో ఆ ప్రయాణాల్లో చాలా భాగం తగ్గింది. ఆంధ్రభారతి నిఘంటుశోధనలో ఒక పదాన్ని టైపు చేస్తే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం మొదలైన వాటి అర్థాలు ఒకేచోట కనిపిస్తాయి. మారుమూల కళాశాల అధ్యాపకుడికి ఇది ఒకప్పుడు ఊహకు అందని సంపద.

అయితే స్కాన్ ప్రతి ప్రధానంగా బొమ్మ. అందులోని పదాన్ని వెతకడం సులభం కాదు. చాలా పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో తప్పుగా నమోదవడం వల్ల, ఉన్న పుస్తకం కూడా లేనట్టే కనిపిస్తుంది. వెతికితే దొరకనిది అంతర్జాలంలో లేదని, అంతర్జాలంలో లేనిది అసలే లేదని నిర్ణయించుకోవడం పరిశోధనలో ప్రమాదకరమైన అలవాటు. పూర్వపరిశోధనల సమీక్షలో ఈ లోపం దొర్లితే సిద్ధాంతవ్యాసం పునాదే బలహీనపడుతుంది.

3. లిపిలో జారిపోయే అర్థం

టైపు చేసిన పాఠాల సమస్య వేరు. వేరు అంటే చెట్టు మూలం. వేఱు అంటే భిన్నమైనది. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరం. అరుగు అంటే వెళ్లడం. అఱుగు అంటే జీర్ణం కావడం. ప్రాచీన కావ్యాల్లో ఈ భేదాలు అర్థనిర్ణయానికి ఆధారాలు. ఛందస్సులో ర, ఱ ల ప్రాసమైత్రి లాక్షణికులు చర్చించిన అంశం కూడా. అంతర్జాలంలోని అనేక పద్యపాఠాల్లో అరసున్న, శకటరేఫం కనిపించవు. దీనికి సాంకేతికతను తప్పుపట్టలేం. యూనికోడ్‌లో ఈ రెండింటికీ ప్రత్యేక సంకేతాలున్నాయి. లోపం టైపు చేసేవారి అలవాటులోనూ, వారు ఆధారంగా తీసుకున్న ఆధునిక ముద్రణల్లోనూ ఉంది.

దీని ఫలితం నిఘంటువు దగ్గర బయటపడుతుంది. అన్నం జీర్ణమయ్యే సందర్భంలో వచ్చిన అఱుగు అనే క్రియ పాఠంలో అరుగు అని ఉంటే, విద్యార్థి అదే రూపాన్ని వెతికి, వెళ్లడం అనే అర్థాన్ని పద్యానికి అతికిస్తాడు. నిఘంటువు తప్పు చెప్పలేదు. అడిగినదానికి సరైన సమాధానమే ఇచ్చింది. ప్రశ్నే తప్పు. పుస్తక నిఘంటువులో పేజీలు తిప్పే విద్యార్థికి పక్కపక్క పదాలు, దగ్గరి రూపాలు కంటపడే అవకాశం ఉంటుంది. శోధనపెట్టె అడిగినదాని దగ్గరికే తీసుకుపోతుంది. కాబట్టి ఏ రూపాన్ని వెతకాలో నేర్పడం ఇప్పుడు అధ్యాపకుని బాధ్యతగా మారింది.

4. గణవిభజన: యంత్రం, పాఠకుడు

ఛందం వంటి సాఫ్ట్‌వేర్లు పద్యపాదాన్ని ఇచ్చిన వెంటనే గురులఘువులు గుర్తించి, గణాలు విభజించి, వృత్తం పేరు చెబుతాయి. భ-ర-న-భ-భ-ర-వ అనే గణాలు, పదవ అక్షరం యతిస్థానం గల ఉత్పలమాలను గుర్తించడం యంత్రానికి క్షణం పని. ఈ పనిని విద్యార్థి చేత గంటలకొద్దీ చేయించడం వృథా అని కొందరు అధ్యాపకులు భావిస్తున్నారు. పైకి సబబుగా తోచే ఈ వాదంలో ఒక లోపముంది.

సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్నది సాధారణ నియమం. తెలుగులో ఇది పదం హద్దుతో ముడిపడి ఉంది. రాముని ప్రేమ అన్నప్పుడు ప్రేమ వేరే పదం కనుక ‘ని’ లఘువుగానే నిలుస్తుంది. రామప్రేమ అని సమాసం చేస్తే ‘మ’ గురువవుతుంది. అంటే గురులఘువులు నిర్ణయించడానికి ముందే ఎక్కడ సమాసముందో, ఎక్కడ పదం ముగిసిందో తెలియాలి. అది తెలియాలంటే అన్వయం కావాలి. అన్వయానికి అర్థం కావాలి. టైపు చేసినవారు సమాసం మధ్యలో ఒక ఖాళీ ఇచ్చినా యంత్రఫలితం మారిపోయే అవకాశముంది. కాబట్టి గణవిభజన అర్థంతో సంబంధంలేని యాంత్రిక లెక్క కాదు. అర్థబోధలో అది తొలి మెట్టు. ఆ మెట్టును యంత్రానికి అప్పగించిన విద్యార్థికి వృత్తం పేరు మిగులుతుంది. పద్యం ఎక్కడ విరిగిందో తెలియదు.

అలాగని సాఫ్ట్‌వేరును బహిష్కరించనక్కర లేదు. విద్యార్థి ముందుగా కాగితం మీద విభజించి, తరువాత యంత్రఫలితంతో సరిచూసుకుంటే, తేడా వచ్చిన ప్రతి చోటా ఒక చర్చ పుడుతుంది. తప్పు విద్యార్థిదా, పాఠానిదా, యంత్రానిదా అని నిర్ణయించే ప్రయత్నంలో సూత్రం బోధపడుతుంది. ఒకే పరికరం మొదట వస్తే ఆలోచనను ఆపుతుంది. తరువాత వస్తే రేపుతుంది.

5. తరగతి గది నుంచి పాఠపరిష్కరణకు

పాఠాలను సరిపోల్చడం తెలుగు సాహిత్య అధ్యయనానికి కొత్త కాదు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి వ్రాతప్రతులను సరిపోల్పించాడు. మానవల్లి రామకృష్ణకవి కృషివల్ల నన్నెచోడుని కుమారసంభవం 1909లో వెలుగు చూసింది. వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరణలు తరువాతి తరాలకు మార్గదర్శకాలయ్యాయి. ఆ సంప్రదాయాన్ని తరగతిలోకి తెచ్చే అవకాశం వికీసోర్స్ వంటి వేదికల్లో ఉంది. అక్కడ స్కాన్ పేజీ ఒక పక్క, టైపు పాఠం మరో పక్క కనిపిస్తాయి. ఒకరు దిద్దిన పేజీని మరొకరు సరిచూసి ఆమోదించాలి.

ఒక్కో విద్యార్థికి కొన్ని పేజీలు అప్పగిస్తే అరసున్న ఎక్కడ జారిందో, సమాసం ఎక్కడ తెగిందో అతడే పట్టుకుంటాడు. అతడు వనరును వాడుకునేవాడిగా మిగిలిపోకుండా, దాన్ని మెరుగుపరిచేవాడవుతాడు. తాత్పర్యాన్ని కృత్రిమ మేధ క్షణాల్లో రాసిపెడుతున్న కాలంలో మూల్యాంకనానికి కూడా ఇది దారి చూపుతుంది. తాత్పర్యం రాయమని అడిగే బదులు, ఈ పదాన్ని ఇక్కడే ఎందుకు విడదీశారు, ఈ పాఠాంతరాన్ని ఎందుకు స్వీకరించారు అని అడిగితే, చదివినవారెవరో తెలుస్తుంది.

6. అసమానత

జాతీయ గణాంక కార్యాలయం 75వ విడత సర్వే ప్రకారం 2017-18లో అంతర్జాల సౌకర్యం ఉన్న కుటుంబాలు దేశం మొత్తం మీద సుమారు 24 శాతం. గ్రామాల్లో 15, పట్టణాల్లో 42 శాతం. ఆ తరువాత ఫోన్ల వ్యాప్తి పెరిగిన మాట నిజమే. అయినా ఇంటిల్లిపాదికీ కలిపి ఉన్న ఒక్క ఫోను విద్యార్థికి పాఠ్యపుస్తకం కాలేదు. తెలుగు మాధ్యమంలో చదివి, గ్రామాల నుంచి వచ్చే విద్యార్థులు గణనీయంగా ఉండే తెలుగు శాఖలు ఈ విషయాన్ని విస్మరించకూడదు. పరికరం లేనిదే పూర్తికాని అభ్యాసం ఇస్తే, పరీక్షకు గురయ్యేది విద్యార్థి ప్రతిభ కాదు, అతని కుటుంబ ఆర్థికస్థితి. పైన సూచించిన పద్ధతిలో కాగితం మీది పనికి పరికరం అక్కర లేదు. సరిచూసే పనికి, దిద్దే పనికి శాఖలోని ఒక్క కంప్యూటరును జట్టుగా, వంతులవారీగా వాడుకోవచ్చు.

7. ముగింపు

పద్యపాఠానికి ఒక సహజక్రమం ఉంది: గొంతెత్తి చదవడం, పదవిభాగం, గణవిభజన, అన్వయం, అర్థనిర్ణయం, పాఠాంతర పరిశీలన. మొదటి మూడింటిని విద్యార్థి స్వయంగా చేయాలి. ఆ తరువాతి దశల్లో నిఘంటువు, సాఫ్ట్‌వేరు, స్కాన్ ప్రతి ఎంతగా ప్రవేశిస్తే అంత మేలు. ఈ క్రమం తలకిందులైతే వనరులు పెరిగేకొద్దీ పాఠకులు తగ్గుతారు. పద్యం చదవలేని వ్యక్తి చేతిలో వేయి గ్రంథాల భాండాగారం ఉన్నా, అది తాళం తీయని బీరువాతో సమానం. ఆ తాళంచెవిని అందించే పని ఇప్పటికీ అధ్యాపకునిదే.